వాకిలి ఎవరికోసం తెరవాలి?

మన పశ్చిమ ప్రకాశానికి పలకల వలన ఒక పేరు వచ్చింది. ఒకప్పుడు ఎన్నో రాష్ట్రాల బడుల్లో పిల్లలు మార్కాపురం పలక మీదనే ఓనమాలు దిద్దారు. గనిలో రాయి తీసి, పలుచగా చీల్చి, నునుపు చేసి, చట్రం బిగించి పంపినవారు మన చుట్టుపక్కల ఊళ్ళవారే. అయితే ఆ పలకలు తయారుచేసిన చేతుల్లో చాలా చేతులకు వాటి మీద రాసే యోగం కలగలేదు. 1987లో కేంద్రప్రభుత్వం జాతీయ బాలకార్మిక విధానాన్ని ప్రకటించి, పనిలో ఉన్న పిల్లలను బడికి చేర్చడానికి ప్రత్యేక పథకాలు మొదలుపెట్టినప్పుడు, తొలి విడతలో ఎంచుకున్న చోట్లలో మార్కాపురం పలకల పరిశ్రమ ఒకటి. ఆనాటి ఆ పిల్లలకు ఇప్పుడు నలభై అయిదు, యాభై ఏళ్ళు. కొందరు మన విచారణల్లోనే ఉన్నారు. ఆదివారం పూజకు వస్తారు, పాటల పుస్తకం చేతిలో పట్టుకుంటారు, కాని పేజీ తిప్పరు.

ఇటువంటివారికి చదువు మీద హక్కు ఏమైనా మిగిలి ఉన్నదా? లేక వయసుతోపాటు అది కూడా పోయినట్టేనా? ఈ వారం మనము ఆలోచించవలసిన ప్రశ్న ఇదే.

చట్టాన్ని అడిగితే జవాబు సులువుగా దొరుకుతుంది. 2009లో వచ్చి, 2010 ఏప్రిల్ 1 నుంచి అమలైన విద్యాహక్కు చట్టం ఆరేళ్ళ నుంచి పద్నాలుగేళ్ళ వరకు ఉన్న పిల్లలకు వర్తిస్తుంది. పద్నాలుగు దాటితే ఆ చట్టం చేయి వదిలివేస్తుంది. 2011 జనాభా లెక్కల ప్రకారం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో అక్షరాస్యత 67 శాతం, స్త్రీలలో 59 శాతం. ఏడేళ్ళు దాటిన ప్రతి పదిమంది స్త్రీలలో నలుగురు చదవలేనివారే అన్నమాట. వీళ్ళలో ఎక్కువమంది చట్టం పెట్టిన వయసు గీతకు అవతల ఉన్నవారు. చట్టం మౌనంగా ఉన్నచోట మనస్సాక్షి మాట్లాడాలి గదా!

వయసు మీరినవారికోసం, చదువు మధ్యలో ఆగినవారికోసం వాకిలి తెరిచే ప్రయత్నాలు లోకంలో కొత్తవి కావు. అమెరికాలో ఇల్లినాయి రాష్ట్రంలోని జోలియట్ అనే పట్టణంలో 1901లో ఒక చిన్న కళాశాల మొదలైంది. పెద్ద విశ్వవిద్యాలయాలకు పోలేని స్థానిక యువకులకు ఊళ్ళోనే రెండేళ్ళ పైచదువు చెప్పాలన్నది దాని ఉద్దేశం. 1947లో అధ్యక్షుడు ట్రూమన్ నియమించిన సంఘం ఇటువంటివాటిని ‘కమ్యూనిటీ కాలేజీ’లు అని పిలిచి, దేశమంతటా పెట్టాలని సలహా ఇచ్చిన తరువాత ఆ పేరు స్థిరపడింది. కాలిఫోర్నియా రాష్ట్రం 1960లో ఉన్నతవిద్యకు ఒక ప్రణాళిక వేసుకొని, విశ్వవిద్యాలయాలకు మార్కుల కట్టడి పెట్టింది. కమ్యూనిటీ కాలేజీకి మాత్రం, చదువు వలన ప్రయోజనం పొందగల ప్రతివాడూ రావచ్చునన్నది. ఇంగ్లండులో 1969లో ఏర్పడి 1971లో విద్యార్థులను చేర్చుకున్న ఓపెన్ యూనివర్సిటీ, లోపలికి రావడానికి ఏ సర్టిఫికెట్టూ అడగలేదు.

మన తెలుగువారు ఈ దారిలో వెనుకబడలేదు. దేశంలోనే మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో హైదరాబాదులో పుట్టింది. దాని మొదటి ఉపకులపతి ఆచార్య జి. రామిరెడ్డి. 1991లో దానికి డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ పేరు పెట్టారు. బడి గడప తొక్కనివారు కూడా నిర్ణీత వయసు నిండితే, ఒక అర్హత పరీక్ష రాసి డిగ్రీలో చేరే వీలు ఆ విశ్వవిద్యాలయం ఆనాడు కల్పించింది. ‘నీవు ఏ బడిలో చదివావు?’ అన్న ప్రశ్నను పక్కనపెట్టి, ‘నీకు ఏమి తెలుసు?’ అని అడిగింది. పదవ తరగతి, ఇంటర్మీడియెట్ చదవాలనుకునేవారికి 1991లో మన రాష్ట్రంలో ఓపెన్ స్కూలు సొసైటీ వచ్చింది.

శ్రీసభ కూడా ఇందులో చేయి వేసింది. 1995లో పాండిచ్చేరి విశ్వవిద్యాలయం కమ్యూనిటీ కాలేజీ ప్రారంభించింది. మరుసటి ఏడు మద్రాసు-మైలాపూరు అగ్రపీఠం మద్రాసు కమ్యూనిటీ కాలేజీని తెరిచింది. యేసుసభ గురువు జేవియర్ అల్ఫోన్స్ ఈ ఉద్యమాన్ని దేశమంతటా నడిపించారు. బతుకు నేర్పు, పని నేర్పు, తరువాత పనిచేసే చోటనే కొంతకాలం శిక్షణ, ఇది వారి పద్ధతి. చదువు మానేసినవారిని, పేదవారిని, స్త్రీలను ముందుగా చేర్చుకోవాలన్నది వారి నియమం. ఆ తరువాత 2009లో ఇందిరాగాంధీ సార్వత్రిక విశ్వవిద్యాలయం, 2013-14లో యు.జి.సి. కూడా కమ్యూనిటీ కాలేజీలకు పథకాలు పెట్టాయి.

ఇంతవరకు చరిత్ర. ఇక అసలు చిక్కు దగ్గరకు వద్దాము. అందరికీ వాకిలి తెరవడం న్యాయమేనా? దీనికి అభ్యంతరం చెప్పేవారు అవివేకులు కారు. వాళ్ళ వాదనలను ఒక్కొక్కటిగా చూద్దాము.

మొదటి అభ్యంతరం: ‘సీటు అర్హుడికి దక్కాలి. మార్కులు లేనివాడిని చేర్చుకుంటే మార్కులున్నవాడికి అన్యాయం చేసినట్టే.’

గ్రీకు తత్త్వవేత్త అరిస్టాటిల్ ఈ ప్రశ్నను వేణువుల ఉదాహరణతో విచారించాడు. మంచి వేణువులు కొన్నే ఉంటే ఎవరికి ఇవ్వాలి? గొప్ప కులంలో పుట్టినవాడికా, అందగాడికా, డబ్బున్నవాడికా? వీళ్ళెవరికీ కాదు, బాగా వాయించగలవాడికి ఇవ్వాలన్నాడు. ఏ వస్తువు ఏ పనికోసం ఉన్నదో, ఆ పనిని బట్టే దాని పంపకం జరగాలని దీని భావం. ఈ సూత్రంతో ఎవరికీ పేచీ లేదు. కాని దానిని కమ్యూనిటీ కాలేజీకి అన్వయించేటప్పుడు ఒక మెలకువ కావాలి. కచేరీలో వాయించే వేణువు వేరు, నేర్చుకునేవాడి చేతికిచ్చే వేణువు వేరు. కచేరీ వేణువు వచ్చినవాడికే ఇవ్వాలి, సరే. నేర్చుకునే వేణువు కూడా వచ్చినవాడికే ఇస్తామంటే, రానివాడు ఎప్పుడు నేర్చుకుంటాడు? వైద్యకళాశాల సీటు మొదటిరకం. అక్కడ తెలివిని తూచి చేర్చుకోవడమే న్యాయం, ఎందుకంటే రేపు అతని చేతిలో మన ప్రాణం ఉంటుంది. కమ్యూనిటీ కాలేజీ సీటు రెండవరకం. అది దేనికోసం ఉన్నదని అడిగితే, ఇంతకుముందు అవకాశం దొరకనివారికి అవకాశం ఇవ్వడానికి అన్నదే జవాబు. అటువంటప్పుడు అక్కడ మార్కుల వరుస పెట్టి చేర్చుకుంటే, ఆకలిగా ఉన్నవారికోసం వండిన అన్నాన్ని కడుపునిండినవారికి వడ్డించినట్టు అవుతుంది.

పునీత తోమాసు అక్వినాసు ఇదే విషయాన్ని ‘ముఖం చూసి పెట్టడం’ అనే పాపాన్ని వివరించేటప్పుడు చెప్పారు. ఒకనిని బోధకునిగా నియమించేటప్పుడు అతని జ్ఞానాన్ని చూస్తే అది తగిన కారణం. అతడు ఫలానావాడని చూస్తే అది పక్షపాతం. అంటే ప్రతి పంపకానికి ఒక తగిన కారణం ఉంటుంది. బోధకుని పదవికి జ్ఞానం తగిన కారణం. నేర్చుకునే చోటికి, నేర్చుకోవలసిన అవసరం, నేర్చుకునే మనసు, దానివలన బాగుపడే శక్తి తగిన కారణాలు.

ఇక్కడ రికమెండేషన్ ఉత్తరాల సంగతి కూడా చెప్పాలి. ఏటా మే, జూన్ నెలలు వచ్చేసరికి గురువుల బంగళా వరండాలో బెంచీలు నిండుతాయి. ‘ఫాదర్ గారూ, ఒక ఉత్తరం ముక్క రాసివ్వండి, మీ మాట కాదనరు’ అంటారు. ఉత్తరం రాయడం తప్పు కాదు. ‘ఈ కుటుంబం నాకు తెలుసు, వీరి ఆదాయం ఇంత, ఈ అమ్మాయి ఫలానా కారణం వలన చదువు మానింది’ అని నిజం రాస్తే, చేర్చుకునేవారికి తగిన కారణం తెలిసేలా సాయం చేసినట్టు. ‘వీరు మనవారు, చూడండి’ అని రాస్తే మాత్రం, ఉత్తరం తెచ్చుకోలేని ఇంకొకరి సీటు లాగి ఇచ్చినట్టు. ఆ ఇంకొకరు ఎవరో మనకు కనబడరు. కనబడకపోయినా ఆమె ఉన్నది.

రెండవ అభ్యంతరం: ‘ఆలస్యంగా వచ్చినవారికీ అదే సర్టిఫికెట్టు ఇస్తే, వేళకు చదువుకున్నవారి కష్టానికి విలువ ఏమిటి?’

ఇది సువిశేషంలో ద్రాక్షతోట కూలీలు సణిగిన సణుగుడే. తెల్లవారి వచ్చినవారికి, పొద్దుగూకే గంట ముందు వచ్చినవారికి యజమాని ఒకే కూలి ఇచ్చాడు. ఆలస్యంగా వచ్చినవారు సోమరులై అంగడివీధిలో నిలబడలేదన్న సంగతి మనము తరచుగా మరచిపోతాము. తమను ఎవరూ పనిలోకి పిలవలేదన్నది వాళ్ళ జవాబు. పలకల గనిలో బాల్యం గడిపినవాడు, పన్నెండేళ్ళకే తమ్ముళ్ళను చూసుకోవడానికి బడి మానిన ఆడపిల్ల, మిరపకోతలకు తల్లిదండ్రులతో గుంటూరువైపు వలసపోయి పరీక్షలు తప్పినవాడు, వీళ్ళంతా పిలుపు అందనివారే. వీళ్ళ ఆలస్యానికి వీళ్ళను శిక్షించడం న్యాయం కాదు.

అయితే ఆ ఉపమానంలో ఇంకొక మాట దాగి ఉంది. చివరి గంటలో వచ్చినవారు కూడా తోటలోకి వెళ్ళి పనిచేశారు. వీధిలో నిలబడి కూలి తీసుకోలేదు. ఇది మన కాలానికి చాలా అవసరమైన మాట. ప్రవేశంలో దయ చూపవచ్చు, చూపాలి. సర్టిఫికెట్టులో దయ చూపకూడదు. ఎందుకంటే ప్రవేశం ఒక పిలుపు, సర్టిఫికెట్టు ఒక సాక్ష్యం. ‘ఈమెకు రోగికి సేవచేయడం తెలుసు’, ‘ఇతనికి కరెంటు పని తెలుసు’ అని కళాశాల మూడవ మనిషికి ప్రమాణం చేసి చెబుతోంది. ఆ ప్రమాణం అబద్ధమైతే అది అబద్ధ సాక్ష్యమే. మంచానపడిన ముసలితల్లి పక్కన కూర్చోబోయేది ఆ సర్టిఫికెట్టు కాదు, దానిని పట్టుకొని వచ్చిన మనిషి.

పరీక్షల్లో చిట్టీలు అందించడం, డబ్బు తీసుకొని ఒకరికి బదులు ఇంకొకరు రాయడం మనకు తెలియనివి కావు. ‘పాపం, పెద్దవయసు, ఎట్లాగో ఒకట్లాగు గట్టెక్కనీయండి’ అని జాలిగా మాట్లాడేవారు కూడా ఉన్నారు. అది జాలి కాదు, అవమానం. ‘నీకు నేర్చుకునే శక్తి లేదు, కాగితం తీసుకొని పో’ అని చెప్పడమే అది. పైగా నిజంగా రాత్రిళ్ళు కూర్చొని చదివి పాసైన స్త్రీ సర్టిఫికెట్టును కూడా రేపు ఎవరూ నమ్మరు. ‘ఓపెన్‌లో కదా’ అని పెదవి విరుస్తారు. పేదలకోసం తెరిచిన వాకిలిని పేదలకే పనికిరాకుండా చేసేది ఈ మోసమే.

మూడవ అభ్యంతరం అనుభవం నుంచి వచ్చేది: ‘చేర్చుకోవడం సులువే. సగంమంది మధ్యలో మానివేస్తారు. అప్పుడు వాళ్ళ ఫీజూ దండగే, సీటూ దండగే.’

ఈ మాటలో నిజం ఉంది. కాని నింద సరైన చోట పడడం లేదు. పేరు రాసుకొని, ఫీజు కట్టించుకొని, పుస్తకాలు చేతికిచ్చి, ‘ఇక నీ పాట్లు నీవు పడు’ అన్నది తెరిచిన వాకిలి కాదు, ఒకవైపు తెరిచి రెండోవైపు బయటకు తోసే వాకిలి. మనిషిని చేర్చుకున్నవాడు ఆ మనిషి నిలబడే ఏర్పాటు కూడా చేయాలి. డాక్టర్ అంబేద్కర్ స్థాపించిన పీపుల్స్ ఎడ్యుకేషన్ సొసైటీ 1946లో బొంబాయిలో సిద్ధార్థ కళాశాల తెరిచినప్పుడు, ఉద్యోగాలు చేసుకునేవారు చదువుకోవడానికి వీలుగా ఉదయంపూట తరగతులు పెట్టింది. తరగతి వేళ అనేది చిన్న విషయంగా కనబడుతుంది. కాని ఎవరు లోపలికి రాగలరు, ఎవరు రాలేరు అన్నది నోటీసుబోర్డు కన్నా ఎక్కువగా అదే తేలుస్తుంది.

మన ప్రాంతానికి తగిన వేళ ఏది? త్రిపురాంతకం, ఎర్రగొండపాలెం వైపు మిరపకోతల కాలంలో ఇళ్ళు తాళాలు వేసి ఉంటాయి. ఆ నెలల్లో పరీక్షలు పెట్టి, రానివారిని మానివేసినవారుగా లెక్కరాస్తే, తప్పు ఎవరిది? దేశ ఓపెన్ స్కూలులో ఒకసారి చేరినవారికి అయిదేళ్ళ గడువు, అందులో తొమ్మిది అవకాశాలు ఇచ్చే నియమం ఉంది. ఒక్కొక్క సబ్జెక్టే రాసుకుంటూ పోవచ్చు. 2020 జాతీయ విద్యావిధానం కూడా, డిగ్రీ మధ్యలో ఆగినవారు చదివినంతవరకు క్రెడిట్లు దాచుకొని తిరిగి రావచ్చునన్న సూత్రాన్ని ముందుకు తెచ్చింది. ఇటువంటి నియమాలు రాసినవారు, పేదవాని బతుకులో ఆటంకం అనేది తప్పు కాదని గుర్తించారు. మన సంస్థలు కూడా అంతపాటి గుర్తింపు చూపాలి. ఫీజు వాయిదాల్లో తీసుకోవడం, పసిబిడ్డ ఉన్న తల్లికి ఒక గది చూపడం, వరుసగా వారం రానివారి ఇంటికి ఒక మనిషిని పంపడం, వీటికి పెద్ద ఖర్చు కాదు.

ఇప్పుడు అన్నిటికన్నా కష్టమైన ప్రశ్న. నలభై సీట్లున్నాయి, వందమంది వచ్చారు. చివరి సీటుకు ఇద్దరు మిగిలారు. ఒకడు ఇంటర్ తప్పిన పద్దెనిమిదేళ్ళ కుర్రవాడు. ఇంకొకరు ఏడవ తరగతితో ఆగిపోయిన ముప్పై ఎనిమిదేళ్ళ స్త్రీ. ఇద్దరూ పేదవాళ్ళే, ఇద్దరికీ నేర్చుకోవాలనే ఉంది. సీటు ఎవరికి ఇవ్వాలి?

‘ముందు వచ్చినవారికి ముందు’ అంటే న్యాయంగా వినబడుతుంది. కాని ముందు వచ్చేది ఎవరు? నోటీసు చదవగలవాడు, ఫోను ఉన్నవాడు, బస్సు దిగితే కళాశాల ఎదురుగా కనబడేవాడు. కాబట్టి అది కూడా ఒక రకం మార్కుల జాబితాయే. ‘కుర్రవాడికి ముందు నలభై ఏళ్ళ సంపాదన ఉంది, అతనికే ఇవ్వాలి’ అని ఇంకొకరు అంటారు. ఇది వ్యాపారి లెక్క. అప్పు ఇచ్చేటప్పుడు ఎన్నేళ్ళలో తిరిగి వస్తుందని చూడవచ్చు. చదువు అప్పు కాదు.

పొరుగున నెల్లూరు జిల్లాలో 1990 తరువాత అక్షరాస్యత ఉద్యమం జరిగినప్పుడు దూబగుంట వంటి ఊళ్ళలో రాత్రిబడికి వచ్చిన స్త్రీలు చాలామంది కూలిచేసుకునే తల్లులే. వాళ్ళు చదివిన వాచకంలో సీతమ్మ కథ అనే పాఠం ఉంది. సారా వలన చితికిపోయిన ఇంటి కథ అది. ఆ పాఠం మీద మాట్లాడుకుంటూ మాట్లాడుకుంటూ వాళ్ళు సారా అంగడి ముందుకు వెళ్ళి నిలబడ్డారు. ఆ ఉద్యమం రాష్ట్రమంతా పాకి, 1993 అక్టోబరు 1 నుంచి ప్రభుత్వం సారాను నిషేధించింది. ఆ స్త్రీలకు చదువు వలన ఉద్యోగం వచ్చిందా అని అడిగితే, రాలేదు. ఏమి వచ్చిందని అడిగితే, తమ బాధకు కారణం చూపి పదిమందిలో నోరు విప్పే ధైర్యం వచ్చింది. దీనిని ఏ లెక్కలో వేస్తారు?

నా విచారణలో తేలినది ఇది. పై ఇద్దరిలో ఎవరికి ఇంకొక వాకిలి ఉన్నదో చూడాలి. కుర్రవాడికి సప్లిమెంటరీ పరీక్ష ఉంది, ఐ.టి.ఐ. ఉంది, ఊరు దాటిపోయే వీలు ఉంది. ఆ తల్లికి ఈ వాకిలి మూస్తే వేరే వాకిలి లేదు. కాబట్టి ఆ చివరి సీటు ఆమెది. కొన్ని సీట్లు మొదటినుంచే ఇటువంటివారికోసం ఉంచడం న్యాయం. అన్నీ ఉంచాలని నేను అనడం లేదు. కుర్రవాడి హక్కు కూడా హక్కే, అతనిని వీధిలో వదిలివేస్తే అతడు ఏ దారి పడతాడో మనకు తెలుసు. ఇక అన్నివిధాల సమానమైనవారు మిగిలితే చీటీలు వేయడమే మంచిది. అపొస్తలులు యూదా స్థానంలో మత్తియాసును ఎన్నుకున్నది కూడా అర్హులైన ఇద్దరి పేర్ల మీద చీటీలు వేసే గదా! చీటీకి ముఖం తెలియదు, ఉత్తరం చదవదు.

చివరిగా ఒక్క సంగతి. మనము ఇంతవరకు కళాశాల వాకిలి గురించి మాట్లాడుకున్నాము. ఆ తల్లి దాని దాకా రావాలంటే ముందు సొంత ఇంటి గడప దాటాలి. ‘మొక్కై వంగనిది మానై వంగుతుందా’ అని అత్త అంటుంది. ‘ఈ వయసులో పుస్తకాలేమిటి, నలుగురూ నవ్వుతారు’ అని భర్త అంటాడు. కన్నకొడుకే ‘అమ్మా, నీకెందుకే’ అంటాడు. మాను వంగదు, నిజమే. కాని నీళ్ళు పోస్తే చిగురిస్తుంది. ఏ కళాశాల ఎన్ని మంచి నియమాలు పెట్టినా, సాయంత్రం రెండు గంటలు ఇంటిపని ఎవరు చేస్తారన్నది ఆ కళాశాల తేల్చలేదు. అది మీ ఇంట్లో తేలవలసిన విషయం.

కనుక ప్రియ పాఠకులారా, ఈ ఏడు ప్రవేశాల కాలంలో పిల్లల సీట్ల గురించి మాట్లాడుకునేటప్పుడు, మీ ఇంట్లో చదువు ఆగిపోయిన పెద్దవారు ఎవరో ఒకసారి లెక్కవేయండి. వాళ్ళను దగ్గర కూర్చోబెట్టుకొని, ‘నీకు చదవాలని ఉందా?’ అని అడగండి. చాలామందిని ఈ ప్రశ్న ఇంతవరకు ఎవరూ అడగలేదు. ‘ఉంది’ అని జవాబు వస్తే, ఆ సాయంత్రం వంట ఎవరు చేయాలో మాట్లాడుకోండి.